కుడి కన్ను మూసి కాయ చూసినవాడు

మొన్న గుంటూరు మిరప యార్డులో ఒక కుర్ర వ్యాపారి కాయ చూస్తుంటే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బస్తాలో చెయ్యి పెట్టి ఒక ఎండు మిరపకాయ తీశాడు. తొడిమ పట్టుకుని చెవి దగ్గర గలగలలాడించాడు. వెలుగుకు ఎత్తి పట్టాడు. కుడి కన్ను మూశాడు.

ఎడమ కన్ను కాదండీ, కుడి కన్ను. మీరూ ఒకసారి మూసి చూడండి. ఎడమ కన్ను మూయడం మనలో చాలామందికి వచ్చు. కుడి కన్ను మూయబోతే దాంతోపాటు మూతి కూడా వంకర పోతుంది. ఆ కుర్రాడికీ పోయింది. అయినా పట్టుదలగా మూశాడు. పక్క కుప్ప దగ్గర ఇంకొకడూ అంతే. ఆ ఉదయం యార్డులో వందమంది కుడి కళ్ళు మూసుకుని కాయలు చూస్తున్నారు.

వందమంది కాదు, నలుగురు. కమిషను కొట్లో గుమాస్తాగా ఉన్నంతకాలం లెక్కలు ఉన్నవి ఉన్నట్టు రాయాల్సి వచ్చింది. ఆ కసి ఇప్పుడు ఇలా తీర్చుకుంటున్నాను.

యార్డుకు ఆ అలవాటు నేర్పిన మనిషి పోయి ఏడాది కాలేదు. పేరు రాయను. రాస్తే, "నన్ను కూడా నీ కోతల్లో కలిపావా బాబాయ్" అని కలలోకొచ్చి మరీ తిడతాడు. నాకు అతను చుట్టమేం కాదు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు కాబట్టి బాబాయ్ అనేవాడు, నేను ఏరా అనేవాణ్ణి. అంతకంటే బలమైన చుట్టరికాలు నాకు పెద్దగా లేవు.

అతని పని కాయ చూడడం. ఎక్కడో కలకత్తాలో కూర్చున్న వ్యాపారికి ఇక్కడి సరుకు కనబడదు. ఇతను చూసి ఫోనులో ఎట్లా ఉందో చెబితే, ఆ మాట మీద లారీ కదిలేది. కొట్టు లేదు, గోదాము లేదు. ఉన్నదల్లా ఒక కన్ను, ఒక నోరు. అతను తుమ్మితే యార్డులో ధర మారేదని చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, నేనే చెప్పేవాణ్ణి. నిజానికి అతను తుమ్మితే పక్కవాళ్ళు కూడా తుమ్మేవారు. అది అక్కడి గాలి మహిమ.

మనిషి బక్కపలచన. గంజిపెట్టిన తెల్లచొక్కా, దాని జేబులో ఎప్పుడూ ఒక ఎండుమిరపకాయ. "పద బాబాయ్, పిలుస్తోంది" అనేవాడు నన్ను చూడగానే. ఎవరు పిలుస్తున్నారని అడగకూడదు, సరుకు. యార్డులో అందరూ నంబరు రకం, సెకండు రకం అని మాట్లాడుకుంటుంటే ఇతనికి వేరే పేర్లుండేవి. ఎర్రగా, నునుపుగా మెరిసే కాయ పెళ్ళికూతురు. కాస్త రంగు తగ్గింది తోటికోడలు. తెల్లబారి, బరువు లేక, ఏరి పారేయాల్సిన తాలుకాయ అల్లుడు. "అల్లుడేంట్రా?" అని అడిగితే, "రంగు లేదు, రుచి లేదు, బస్తాలో చోటు మాత్రం కావాలి" అనేవాడు. అప్పటికి అతనికి పెళ్ళై పదేళ్ళు. మామగారు కూడా మిర్చి రైతే. కాబట్టి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఊహించుకోండి.

కాయ చూసేటప్పుడు అతనికొక వాటం ఉండేది. తుపాకి గురిపెట్టేవాడిలా ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఒక్క చూపు. అంతే, పేరు పెట్టేసేవాడు. రెండోసారి చూడడం అతని దృష్టిలో అవమానం.

అట్లాంటి మనిషి, కొత్త శతాబ్దం ఇంకా రాని ఒక మార్చి ఉదయం, సుబ్బాయమ్మ సరుకు దగ్గర నిలబడ్డాడు.

సుబ్బాయమ్మ పర్చూరు అవతలి పల్లె నుంచి మా కొట్టుకు సరుకు తెచ్చే రైతు. పత్తి వేసి నష్టపోయినా, మిరప వేసి బాగుపడినా ఒకే గొంతుతో మాట్లాడే మనిషి. ఆ గొంతు చాలా పెద్దది. కాయను కళ్ళంలో బిడ్డను ఎండబెట్టుకున్నట్టు ఎండబెట్టి, తాలు ఒక్కటి లేకుండా ఏరించి తెచ్చేది. ఇతను వచ్చాడు, ఒక కాయ తీశాడు, ఎడమ కన్ను మూశాడు.

"ఏంది పిన్నీ, ఈసారి బస్తా నిండా అల్లుళ్ళనే తెచ్చావు?"

నేను నవ్వాను, పరాచికం అనుకుని. సుబ్బాయమ్మ నవ్వలేదు.

"ఎవర్రా అల్లుడు? మళ్ళీ చూడు."

అతను మళ్ళీ చూశాడు. నా ఎరుకలో అతను రెండోసారి చూడడం అదే మొదలు. "తెల్లబారింది పిన్నీ. మంచు పట్టిందేమో."

"మంచా! నీ మొహాన పట్టింది మంచు! ఒరే అబ్బాయ్, నీకు గిట్టకపోతే గిట్టదని చెప్పు. నా కాయని తాలు అంటే మాత్రం ఈ బస్తాలో నిన్ను కుక్కి పర్చూరు తీసుకుపోతా."

అతను పక్క కుప్పకు పోయాడు. అదీ తాలే. ఆ పక్కది తోటికోడలు. దాని పక్కది మళ్ళీ అల్లుడు. యార్డంతా ఒక్క రాత్రిలో వెలిసిపోయింది. రైతులు గొల్లుమన్నారు. ధర తొక్కడానికి నాటకమాడుతున్నాడని ఎవరో అరిచారు. అతని మొహంలో నాటకం లేదు. చెమటలు పట్టి, కాయను అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు సుబ్బాయమ్మ ఆ కాయను లాక్కుని అతని ముక్కు ముందు పెట్టి, "రెండు కళ్ళూ తెరిచి చూడరా!" అంది.

తెరిచాడు. ఎర్రగా ఉంది. కుడి కన్ను మూశాడు. పెళ్ళికూతురు. ఎడమ కన్ను మూశాడు. అల్లుడు. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. ఒకే కాయ. రెండు కళ్ళూ మార్చి మార్చి మూస్తుంటే సుబ్బాయమ్మ ఒకడుగు వెనక్కి వేసి, "ఏంది బాబూ, నన్ను చూసి కన్ను కొడతన్నావా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అతను మాత్రం నా భుజం పట్టుకుని చెవిలో చెప్పాడు. "బాబాయ్, కుడి కంట్లో ఎరుపు లేదు."

కళ్ళ డాక్టరు చూసి, కన్ను బాగానే ఉంది, దాని వెనక నరం వాచిందని చెప్పి మమ్మల్ని నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ వయసులో చిన్నది, మాటలో నెమ్మది. పెన్నుకున్న ఎర్ర మూత చూపించి, ఒక్కో కంటితో ఎంత ఎరుపుగా ఉందో చెప్పమంది. ఇతను జేబులోంచి ఎండుమిరపకాయ తీసి బల్లమీద పెట్టాడు.

"అమ్మా, నాకు ప్లాస్టిక్ ఎరుపు తెలీదు. దీంతో అడగండి."

ఆవిడ నవ్వి దాంతోనే అడిగింది. ఆ రోజు నుంచి ఆ ఆస్పత్రిలో పెన్నులు మానేసి మిరపకాయలతోనే కళ్ళు పరీక్ష చేస్తున్నారు. లేదులెండి. కానీ ఆ కాయ ఆవిడ బల్లమీద చాలాకాలం ఉండడం మాత్రం నా కళ్ళతో చూశాను.

అప్పుడే ఆవిడ మాకు ఆ జబ్బుకు పునాది చెప్పింది. మెదడు నుంచి కంటికి, కాళ్ళకు, చేతులకు పోయే నరాల తీగల మీద ఒక తొడుగు ఉంటుందట. ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరబడి ఒక్కోసారి దాన్ని కొరుకుతాయట. తొడుగు ఊడిన చోట కబురు సరిగా నడవదు. కంటి తీగలో అట్లా జరిగితే ముందు వెలిసిపోయే రంగు ఎరుపేనట.

"బోరు మోటారు వైరును ఎలుకలు కొరికినట్టా అమ్మా?" అన్నాను నేను, నా తెలివి చూపిద్దామని.

"ఎలుకలు బయటివి కదండీ. ఇవి సొంత కాపలావాళ్ళు."

ఇతను తలూపాడు. "అర్థమైంది. కళ్ళంలో పెట్టుకున్న కాపలావాడే బస్తాలు కోస్తున్నాడు."

"సరిగ్గా అదే," అంది ఆవిడ. ఇది ఈ ఒక్కసారితో పోవచ్చు, రేపెప్పుడో ఇంకోచోట బయటపడవచ్చు, ఇప్పుడే తేల్చలేమంది. పడుకోబెట్టి రోజూ సెలైనులో స్టెరాయిడ్ ఎక్కించింది. "ఇది మంట ఆర్పే మందు. చూపు త్వరగా తేరుకుంటుంది. రంగు మొత్తం తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

బయటికొచ్చాక అతను నాతో అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "చూశావా బాబాయ్, సరుకు ఎంత ఉందో అంతే చెప్పింది. మన యార్డులో ఉంటే అన్నం పుట్టదు ఈవిడకి."

స్టెరాయిడ్ ఎక్కిన రోజుల్లో అతన్ని చూడాల్సింది. నిద్ర లేదు, ఆకలి ఆగదు, నోరు మూతపడదు. పక్క మంచం వాళ్ళ క్యారేజీలో గోంగూర పచ్చడి చూసి, అందులో పడ్డ మిరపకాయ ఏ ఊరిదో చెప్పాడు. నర్సు చీర అంచు తోటికోడలు రంగని తీర్పు ఇచ్చాడు. ఆ ఊపు చూసి జబ్బు పోయిందనుకున్నాను. మధ్యలో ఒకసారి ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయ్, ఈ సంగతి యార్డులో తెలిస్తే నాకు ఫోను చేసేవాడు ఉండడు."

"ఎవడికి తెలుస్తుంది? కళ్ళకలక అని చెబుతా."

"సుబ్బాయమ్మ పిన్ని సరుకు?"

ఆమె సరుకు అమ్ముడుపోక మా కొట్లోనే పడి ఉంది. ఇతను తాలు అన్న కాయను ఇంకెవరు ముట్టుకుంటారు? ఒకవైపు అతని బతుకు, ఇంకోవైపు ఆమె పంట. ఆ ప్రశ్న అతను నన్ను అడగలేదు, తనకు తానే వేసుకున్నాడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు యార్డుకు వచ్చాడు. వేలం మొదలయ్యే వేళ. సుబ్బాయమ్మ మా కొట్టు ముందు బస్తా మీద కూర్చుని దారిన పోయే వ్యాపారినల్లా కడిగేస్తోంది. ఇతను తిన్నగా కాటా బల్ల ఎక్కాడు.

"వినండి! మొన్న ఈ పిన్ని కాయను తాలన్నాను. తప్పు కాయది కాదు, నా కంటిది. కుడి కంటికి నరాల జబ్బు చేసింది, అందులో ఎరుపు సరిగా ఆనడం లేదు. ఇది పెళ్ళికూతురు! ఇక మీదట ఎడమ కంటితోనే చూస్తా. నమ్మేవాళ్ళు నమ్మండి, లేనివాళ్ళు లేదు."

ఒక పెద్ద వ్యాపారి పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు. "ఒంటికన్ను మాట మీద లారీలెట్టా పంపుతారయ్యా?"

అంతే, సుబ్బాయమ్మ లేచింది. "అట్టా అయితే చూద్దాం రా! దమ్ముంటే నువ్వే కాయలు పెట్టు!" ఆ వ్యాపారి నాలుగు కొట్ల నుంచి గుప్పెడేసి కాయలు తెప్పించి, కలిపి, పట్టా మీద పోయించాడు. ఇతను కిందికి దిగి కూర్చున్నాడు. కుడి కన్ను మూశాడు. మూతి వంకరపోయింది. అలవాటు లేని కన్ను కదా! ఒక్కో కాయనూ ఎత్తి పేరు పెట్టి విసరడం మొదలుపెట్టాడు. పెళ్ళికూతురు! పెళ్ళికూతురు! అల్లుడు! తోటికోడలు! మొదట్లో తడబడ్డాడు, తరవాత చెయ్యి ఊపందుకుంది. కాయలు గాల్లో ఎగురుతున్నాయి, జనం తొక్కుకుంటూ మీద పడుతున్నారు, వ్యాపారి పక్కనే గొంతుక్కూర్చుని ఒక్కో కుప్పా తిరగేస్తున్నాడు. ఒకచోట ఆగి, "ఇది తోటికోడలు కాదు" అని ఒక కాయ ఎత్తి చూపించాడు. ఇతను దాన్ని తీసుకుని, చూసి, ముచ్చిక తుంచాడు. లోపల తొడిమ పక్కన నల్లటి బూజు. "పైకి పెళ్ళికూతురే. పెళ్ళయ్యాక తెలిసింది."

యార్డంతా ఈలలు! ఈల వేసింది నేనొక్కణ్ణే, ఒప్పుకుంటాను. కానీ సుబ్బాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం, ఆ పెద్ద వ్యాపారి ఆమె సరుకును ఆ పూటే ఎత్తించడం, ఇవి మాత్రం నా కల్పన కాదు.

మరుసటి ఏడాది జబ్బు కాళ్ళలో తేలింది. నడుము కింద తిమ్మిరి, ఎడమ కాలు ఈడుపు. హైదరాబాదులో తీయించిన స్కానులో మెదడు మీద తెల్లటి మచ్చలు కనబడ్డాయి. డాక్టరమ్మ అప్పుడు పేరు చెప్పింది, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒక చోట కాదు, అనేక చోట్ల. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. కొత్తగా వచ్చిన సూది ఒకటుంది, ఇంటర్‌ఫెరాన్, వారానికోసారి తొడ కండలో వేయాలంది. "పోయినదాన్ని ఇది తేలేదు. మళ్ళీ వచ్చే దాడుల్ని తగ్గిస్తుంది. తగ్గిస్తుంది అన్నాను, ఆపుతుంది అనలేదు." చాలా ఖరీదైన మందు, మామగారు ఎకరం అమ్మి కొనిచ్చాడు. ఆ రోజు నుంచి తాలుకాయను అల్లుడనడం మానేశాడు. "ఇప్పుడు నేనే అల్లుణ్ణి కదా బాబాయ్, నన్ను నేను తిట్టుకోను."

ఆ మందును చల్లగా ఉంచాలి. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. మొదటి పెట్టెను అతని భార్య ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని డీప్ ఫ్రీజులో పెట్టింది. గడ్డకట్టింది. గడ్డకట్టినది మళ్ళీ పనికిరాదట. రెండో పెట్టెకు ఎండాకాలం కరెంటు కోతలొచ్చాయి. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల వేడిగాలి. ఆ దంపతుల దిగులు చూడలేక నేనే అన్నాను. "గుంటూరు చుట్టూ ఇన్ని కోల్డ్ స్టోరేజీలు పెట్టుకుని ఏడుస్తారేమిట్రా! మిరపకాయకు పనికొచ్చే చలి మనిషి మందుకు పనికిరాదా?"

డాక్టరమ్మను అడిగితే, థర్మామీటరు చూసి చెబుతానంది. నిజంగానే వచ్చి చూసింది. ఆ స్టోరేజీ యజమాని, "మా కాయకీ అదే లెక్కండి, కరెంటు పోతే జనరేటరు ఉంది" అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. అట్లా సముద్రాలు దాటొచ్చిన మందు, లాటు గుర్తు రాసిన అట్టముక్క మెడలో కట్టుకుని, మిరప బస్తాల మధ్య కాపురం పెట్టింది.

సూది వేసేది అక్కడి ఆఫీసు గదిలోనే, శనివారం సాయంత్రం. సూది తరవాత జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి కాబట్టి, ఆదివారం యార్డు సెలవు కలిసొచ్చేట్టు. ముందే జ్వరం మాత్ర వేసుకుని కూర్చునేవాడు. మందు పెట్టెకు మిరపఘాటు పట్టి ఉండేది. కాంపౌండరు సూది పట్టుకోగానే తుమ్ము ముంచుకొచ్చేది.

"ఆగు నాయనా! ముందు తుమ్ము, తర్వాత పొడువు. రెండూ కలిపి చేశావంటే సూది ఒంగోల్లో తేలుద్ది."

ఏప్రిల్ ఎండలో అతని కాళ్ళు మాట వినేవి కావు. ఒళ్ళు వేడెక్కితే తొడుగు ఊడిన తీగల్లో కబురు ఆగిపోతుందట, చల్లబడితే మళ్ళీ నడుస్తుందట, కొత్త దాడి కాదు, భయపడొద్దని డాక్టరమ్మ చెప్పింది. నెత్తిమీద తడి తువాలు వేసుకోవడం అప్పటి నుంచే. ఒక శనివారం ఇద్దరు హమాలీలు చెరో రెక్కా పట్టుకుని అతన్ని స్టోరేజీ లోపలికి మోసుకొచ్చారు. బస్తాల మధ్య కాసేపు కూర్చున్నాడు. తలుపు తీయగానే బయటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు! సరే, పరుగు కాదు, నడక. ఒక చెయ్యి గోడకు ఆనించి. కానీ తన కాళ్ళ మీద తను. హమాలీ మేస్త్రి రెండు చేతులూ పైకెత్తి, "స్తోత్రం ప్రభువా!" అని కేకేశాడు.

"ప్రభువుకు నేను కూడా చెబుతాలే మేస్త్రీ, ముందా తలుపు వెయ్యి. కాయ చెమర్చుద్ది."

సూది వేసుకున్నాక కూడా దాడులు వచ్చాయి, మునుపటి కంటే తక్కువగా. కర్ర వచ్చింది, ఆ తర్వాత కుర్చీ వచ్చింది. యార్డుకు రావడం మాత్రం మానలేదు. ఉదయపు చల్లదనంలో వచ్చి, బస్తా మీద కూర్చుని, తడి తువాలు కింద నుంచి కుడి కన్ను మూసి చూసేవాడు. కాటా బల్ల మీద అతను చెప్పింది విన్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. తర్వాత వచ్చిన కుర్రాళ్ళకు కనబడిందల్లా, యార్డులో అందరికంటే బాగా కాయ చూసే మనిషి కుడి కన్ను మూస్తాడన్నదే.

చివరిసారి మాట్లాడుకున్నప్పుడు ఒక కాయ అతని చేతిలో పెట్టి అడిగాను. "ఏరా, ఆ కంటికి ఇప్పుడు ఇది ఎట్టా కనబడుద్ది?"

ఎడమ కన్ను మూశాడు, పాతరోజుల్లోలాగా. చాలాసేపు చూశాడు.

"పెళ్ళికూతురే బాబాయ్. పాత ఫోటోలో పెళ్ళికూతురు."

చలికాలంలో గుండె ఆగి పోయాడు. ఆ నరాల జబ్బును ఓడించాడని రాయడానికి చెయ్యి దురద పెడుతోంది. ఓడించలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వ్యాపారం చేశాడు.

మొన్నటి కుర్రాడి దగ్గరికి పోయి అడిగాను. "ఏమయ్యా, కుడి కన్ను ఎందుకు మూశావు?"

"కాయ అట్టాగే చూడాలి తాతా. పెద్దాయన అట్టా చూసేవాడంట. కుడి కంటికి జాలెక్కువ, కాయని ఉన్నదానికంటే బాగా చూపిద్దంట."

"జాలి కాదయ్యా. ఆయన కుడి కంటికి జబ్బు చేసింది. అందులో ఎరుపు వెలిసిపోయి కనబడేది. అందుకని మూసేవాడు. నీ కన్ను బాగానే ఉందిగా, రెండూ తెరుచుకుని చూడు."

ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అంకె పెంచలేదు. నా జన్మలో అంత కల్తీ లేని మాట ఇంకొకటి చెప్పి ఉండను.

కుర్రాడు పక్కవాడి వైపు తిరిగి పకపకా నవ్వాడు. "ఈ తాత సంగతి మా నాన్న చెప్పాడులేరా, అన్నీ కోతలేనంట!" అని, ఇంకో కాయ తీసి వెలుగుకు ఎత్తి పట్టాడు. కుడి కన్ను మూశాడు. మూతి వంకర పోయింది.

"పెళ్ళికూతురు!" అని కేకేశాడు.

నేను రెండు కళ్ళూ తెరిచి చూశాను. నిజంగానే పెళ్ళికూతురు.